పన్నెండో పేరు

లాండ్రీలో బాయిలర్ మనిషిని పనిలోంచి తీసేశారన్న కబురు రోలరు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నరయింది. అప్పుడు గంజక్క చేతుల్లో తడి దుప్పటి ఉంది. దాన్ని వదలడానికీ లేదు, ఆగడానికీ లేదు. ఆవిరితో కాగుతూ ఆ ఇనుప రోలర్లు తిరుగుతూనే ఉంటాయి. ఇవతల ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి అంచు పట్టి అందించాలి, అవతల ఇద్దరు అందుకోవాలి. అంచు వదలడం అరక్షణం ఆలస్యమైతే దుప్పటితోపాటు వేళ్లు కూడా లోపలికి పోతాయి. పిన్నికి కుడిచేతి రెండు వేళ్లు అలాగే పోయాయి. ఆవిడ ఎవరికీ సొంత పిన్ని కాదు. ఆ లాండ్రీలో అందరికంటే పెద్దది కాబట్టి అందరికీ పిన్నే. ఇప్పుడు ఆ చేతికి మిగిలిన మూడు వేళ్లతో తువ్వాళ్లు మడతపెడుతుంది.

"ఏం తప్పు చేశాడట?" అంది గంజక్క.

"ఏముంది, బాయిలర్ ఆవిరి వాల్వు తెరుచుకోకుండా తీగ కట్టి నడుపుతున్నారు, ఏదో రోజు అందరం గాల్లోకి లేస్తాం అన్నాడట," అంది పిన్ని. "మేనేజరు పొద్దున్నే పిలిచి, అచ్చం ఆ మాటలే కాగితంలో చూసి చదివాడట. పాపం, అతను లబోదిబోమంటున్నాడు. ఇంట్లో అన్నం తింటూ మా ఆవిడతో అన్నానే తప్ప బయట నోరు విప్పితే ఒట్టు అంటాడు. అప్పుడు అక్కడున్నది మేమిద్దరం, మా పిల్ల, అంతే అంటాడు."

మా పిల్ల. ఆ మాట చెవిన పడగానే గంజక్క దుప్పటి అంచు వదలడం మరిచిపోయింది.

"ఒసేయ్, చెయ్యి తియ్!" పిన్ని ఒక్క ఉరుకున వచ్చి మణికట్టు పట్టి లాగింది. దుప్పటి అంచు వేళ్లను రాసుకుంటూ రోలర్ల మధ్యకి వెళ్లిపోయింది. "నీకేమన్నా పిచ్చా? నా చెయ్యి చూసి కూడా బుద్ధి రాలేదా?"

గంజక్కకి తిట్లు వినపడలేదు. బాయిలర్ మనిషి కూతురూ తన కూతురూ ఒకే బడిలో తొమ్మిదో తరగతి. ఆ ఆడపిల్లల హైస్కూల్లో సైన్యం వాళ్లు కొత్తగా పెట్టిన యువ నాయకత్వ, పౌరసత్వ శిక్షణలో మొదటి జట్టులో ఇద్దరూ ఉన్నారు. చేరినప్పుడు ఎంత సంబరం! రెండు జతల బట్టలు, తోలు బూట్లు, డ్రిల్లు ఉన్న రోజున పాలూ గుడ్డూ, పైగా పరీక్షల్లో పది మార్కులు. బూట్లే బజార్లో కొంటే తన నాలుగు రోజుల కూలి. ఒప్పుకోలు కాగితం మీద గంజక్క ఎగిరి గంతేసినంత పని చేసి సంతకం పెట్టింది. వయసులో ఉన్నప్పుడు గంజి గదిలో పనిచేసి సంపాదించుకున్న పేరుకి తగ్గట్టుగా, పిల్ల చొక్కాకి తనే గంజి పెట్టి అట్టలా నిలబడేలా ఇస్త్రీ చేసింది.

ఆ శిక్షణలో ఒక గోధుమరంగు పుస్తకం ఉంది. దాన్ని పౌర పుస్తకం అంటారు. ఇంట్లో, వీధిలో వారమంతా చూసినవీ విన్నవీ, చేసిన మంచి పనీ, పేర్లూ ఇంటి నంబర్లతో సహా అందులో రాయాలి. బాగా రాసిన పిల్లని దళనాయికని చేస్తారు.

ఇవాళ పొద్దున జడ వేయించుకుంటూ పిల్ల తను రాసింది చదివి వినిపించింది. 'ఆదివారం మా ఇంట్లో లాండ్రీలో పనిచేసే ఆడవాళ్లు కలిశారు. రోలరు ముందు అడ్డు కడ్డీ పెట్టమని, పెట్టేదాకా రోలరు ముట్టుకోబోమని యజమానికి అర్జీ రాయడంలో నేను సాయపడ్డాను.' కింద పేర్లు. అర్జీ పిండి డబ్బాలో దాచారన్న సంగతి కూడా వదల్లేదు. అర్జీ రాయించింది గంజక్కే. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, నువ్వే రాయవే అని కూర్చోబెట్టింది. శనివారం అందరూ కలిసి ఒక్కసారే ఇవ్వాలని, అందాకా మూడో కంటికి తెలియకూడదని ఆడవాళ్లు చేతుల్లో చేతులేసుకుని అనుకున్నారు. పిల్ల కూడా మూడో కన్నేనని ఎవరికి తడుతుంది?

గంజక్క మురిసిపోతూ పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టింది. పదకొండే వచ్చాయి.

"పిన్ని పేరేదే? వదిలేశావంటే ముసల్ది నొచ్చుకుంటుంది. రాయి, రాయి."

పిల్ల రాసింది. పన్నెండో పేరు.

ఇప్పుడు ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. పోయిన వారం తువ్వాళ్లు ఇవ్వడానికి వెళ్తే మేనేజరు బల్ల మీద గోధుమరంగు పుస్తకాల కట్ట కనబడింది. చాకిరేవు పద్దులేమో అనుకుంది. సైనికుల బారకాసుల నుంచి మాసిన దుప్పట్లు తెచ్చే వ్యానులోనే డ్రిల్లు సారు బడికి వస్తాడు. సాయంత్రం నాలుగింటికి పుస్తకాలు వేసుకుని అదే వ్యాను ఇటు వస్తుంది. లాండ్రీ బతికేదే బారకాసుల దుప్పట్ల మీద.

గంజక్క రోలరు వదిలి పిన్ని దగ్గరికి వచ్చింది.

"పిన్నీ, మా పిల్ల కూడా రాసింది. మన కాగితం సంగతి, అందరి పేర్లూ. నీ పేరు నేనే చెప్పి రాయించాను."

పిన్ని చేతిలోని తువ్వాలు పక్కన పడేసింది. "ఎప్పుడు పట్టుకెళ్తారు?"

"ఇవాళే, నాలుగింటికి."

"ఇంకా నిలబడ్డావేమే? పరిగెత్తు!"

గేటు దగ్గర మేస్త్రి అడ్డుపడ్డాడు. "ఇప్పుడు పోతే రోజంతా కోత. మూడు వందల నలభై."

"కోసుకోండి," అని అతని చేతికిందనుంచి దూరి వెళ్లిపోయింది గంజక్క.

బడికి రెండు మైళ్లు. దారిలో చెప్పు తెగితే చేతిలో పట్టుకుంది. పన్నెండు ఇళ్లు కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఒకామెకి మొగుడు మంచాన ఉన్నాడు, ఒకామెకి చంటిపిల్ల. పిన్నికి ఆ మూడు వేళ్లు తప్ప ఏమీ లేదు, ఆ చేతిని ఇంకెవరు పనికి పెట్టుకుంటారు? అంతా నా నోటి వల్లే, నా మురిపెం వల్లే అని దారిపొడుగునా తనని తాను తిట్టుకుంది.

తీగల కంచె అవతల పిల్లలు వరసగా నిలబడి కాళ్లు నేలకి కొడుతున్నారు. తన పిల్ల ముందు వరసలో ఉంది. చంకలో గోధుమరంగు పుస్తకం. దాని పక్కనే బాయిలర్ మనిషి కూతురు, జేబు మీద ఇత్తడి చుక్కతో. గేటు బయట వ్యాను ఆగి ఉంది.

మంచినీళ్లకి వదిలారు. గంజక్క కంచె పట్టుకుని 'ఏమే' అని పిలిచింది. పిల్ల పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ఏంటిలా వచ్చావు? నీ చెప్పుకేమైంది? ఇవాళ నన్నే దళనాయికని చేస్తారని అందరూ అంటున్నారు!"

"పుస్తకం ఇవ్వకే. ఆ పేజీ చింపెయ్."

"పేజీలకి నంబర్లున్నాయి. ప్రతి పేజీకీ ముద్ర ఉంది."

"ఇంట్లో మరిచిపోయానని చెప్పు."

"చంకలోనే ఉందిగా, సారు చూశారు. అయినా అబద్ధం ఎందుకు చెప్పాలి? మొన్ననే చెప్పారు, నాయకురాలు అబద్ధం చెప్పకూడదని."

గంజక్క కంచెకి మొహం ఆనించింది. "ఆ పుస్తకాలు మీ సారు దగ్గర ఆగట్లేదు తల్లీ. మా మేనేజరు చదువుతున్నాడు. బాయిలర్ మామయ్యని పొద్దున తీసేశారు. వాళ్ల పిల్ల రాసిందే చదివి వినిపించి మరీ తీసేశారు. ఇక పిన్నినీ, నన్నూ, అందర్నీ..."

పిల్ల మెల్లగా తల తిప్పి స్నేహితురాలి జేబు మీద చుక్క కేసి చూసింది. "అది రాసినందుకే దానికి చుక్క ఇచ్చారమ్మా. మేమంతా చప్పట్లు కొట్టాం."

"భయమేస్తోందే నాకు."

"నేను రాసింది మంచి పని కాదా అమ్మా?"

"మంచి పనే. మంచి పని కాబట్టే భయం."

ఈల మోగింది. పిల్ల ఇంకేమీ అనకుండా వరసలోకి పరిగెత్తింది. నిలబడే ముందు స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పడం గంజక్క చూసింది.

డ్రిల్లు సారు బల్ల దగ్గర నిలబడ్డాడు. ఒక్కో పిల్లా వెళ్లి పుస్తకం పెట్టి, సెల్యూట్ చేసి వెనక్కి వస్తోంది. పుస్తకం మీద పుస్తకం పడుతోంది. వ్యాను డ్రైవరు తలుపు తెరిచి సిద్ధంగా ఉన్నాడు. తన పిల్ల వంతు వచ్చింది. బల్ల దాకా నడిచింది. కానీ పుస్తకం పెట్టలేదు.

"ఊఁ," అని సారు చెయ్యి చాపాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"తెచ్చాను సార్. ఇవ్వను."

సారు మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు. గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది అనిపించింది గంజక్కకి.

"ఏమన్నావ్? మళ్లీ చెప్పు."

పిల్ల పుస్తకాన్ని రెండు చేతులా గుండెకి హత్తుకుంది. గంజి పెట్టిన చొక్కా నలిగిపోయింది. "నేను రాసింది నిజమే సార్. మీకివ్వను."

సారు తలెత్తి చుట్టూ చూశాడు. కంచె దగ్గర ఒక చెప్పు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి మీద చూపు ఆగింది. లాండ్రీ కోటు ఇంకా ఆమె ఒంటి మీదే ఉంది. జేబు మీద నంబరు ఉంది. గంజక్కకి పారిపోవాలనిపించింది. కంచె తీగల్లో ఇరికించిన వేళ్లు మాత్రం రాలేదు.

"తర్వాత," అన్నాడు సారు, చాపిన చెయ్యి దించకుండా.

తర్వాత బాయిలర్ మనిషి కూతురు. ఆ పిల్ల బల్ల వైపు అడుగు వెయ్యలేదు. పుస్తకం చంకలో ఇరికించుకుని, తల వంచి, రెండు చేతులా జేబు మీది ఇత్తడి చుక్క పిన్ను విప్పుకుంటోంది. పిన్ను ఓ పట్టాన రావడం లేదు.