రుమైథియాలో పోటు

"తివాచీ ఎత్తు, వస్తోంది," అనేది పెద్ద మామా, ఆ ఇంటి ముసలి యజమానురాలు. పనిమనిషి గురమ్మ చేతిలో పని వదిలేసి తివాచీ చుట్టి మంచం మీద పెట్టేది. కాసేపటికి గచ్చు మీదికి సముద్రం వచ్చేది. చీలమండల దాకా లేచి, ఒకటో రెండో చిన్న చేపల్ని గదంతా తిప్పి, వెనక్కి పోయేది. మిగిలిన ఉప్పునీళ్ళను గురమ్మ వైపర్‌తో బాత్రూంలోకి తోసేది. కువైట్‌లో, రుమైథియా పేటలోని ఆ ఇంటికి సముద్రం కనబడను కూడా కనబడదు. అయినా ఎవరికీ అది వింత కాదు. టైల్స్ పాడవుతున్నాయన్నదే కొడుకు ఫహద్ బాధ.

పెద్ద మామా పుట్టిందీ కాపురం చేసిందీ కువైట్ ఒడ్డుకు ఎదురుగా ఉన్న దీవిలో. యుద్ధంలో ఇరాక్ సైన్యం దీవి జనాన్ని తరిమేసింది. తర్వాత సర్కారు వాళ్ళకు ఇవతల ఇళ్ళిచ్చింది గానీ దీవిని తిరిగివ్వలేదు. అక్కడ పోటు వచ్చినప్పుడల్లా ఈ గదిలోనూ వచ్చేది.

నా ఇంట్లో నన్ను ఉండనివ్వండని ఆమె ఏటా అర్జీ పెట్టించేది. ఈసారి ఫహద్ సిటీలో సర్కారు ఆఫీసుకు పోయి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. దీవి ఒడ్డునున్న పాత ఇళ్ళు కూల్చి హోటల్ కడతారట. అక్కడ ఎవరూ కాపురం ఉండకూడదట. చూసిరావాలంటే అందరిలాగే పడవ మీద పోయి రావచ్చట.

"నా ఇంటికి నేను టికెట్ కొనుక్కుని పోవాలా?" అంది పెద్ద మామా.

ఆ సాయంత్రం గురమ్మ ఆమె కాళ్ళు పిసుకుతూ తన సంగతి చెప్పింది. తమ ఊరు గండికోట రిజర్వాయరు ముంపులో పోయిందనీ, సర్కారు మిట్ట మీద కాలనీ ఇచ్చిందనీ.

"మీ ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయా?"

"వచ్చినాయి మామా. మళ్ళా ఎనక్కి పోల్యా."

ఇళ్ళు కూల్చడం మొదలైన రోజు నీళ్ళు సున్నపు రంగులో వచ్చాయి. నడుము దాకా లేచాయి. మంచం తేలింది. గురమ్మ ఫహద్‌ను కేకెయ్యబోతే పెద్ద మామా వద్దంది. ఒంటి మీది నల్ల అబాయా సర్దుకుని నీళ్ళలోకి దిగింది. ఆటు మొదలై, నీళ్ళు గోడలోంచి వెనక్కి లాగసాగాయి. గురమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదులు బిడ్డా," అంది పెద్దామె.

గురమ్మ వదిలేసింది.

దీవి కాపలావాళ్ళకు ఆమె కూలిన గోడల మధ్య కనిపించింది, ఊపిరి లేకుండా. అక్కడే పూడుస్తామని ఫహద్ బతిమాలాడు. సర్కారు ఒప్పుకోలేదు. పడవలో తెచ్చి ఇవతలే పూడ్చారు.

పోలీసు స్టేషన్‌లో గురమ్మ ఇఖామా కార్డు, దేశంలో ఉండేందుకు ఉన్న అనుమతి, తీసుకుని కూర్చోబెట్టారు. నీళ్ళు రావడం, ముసలామె వాటితో పోవడం గురమ్మ చెప్పింది చెప్పినట్టే ఆఫీసరు రాసుకున్నాడు. ఒక్కటి మాత్రం అడిగాడు, చెయ్యి ఎందుకు వదిలావని.

గురమ్మ చెప్పింది.

"ముంపు నీళ్ళు గడప దాటినా మా యమ్మ రానన్నె. చెయ్యి పట్టుకుని కాలనీకి ఈడ్సుకొచ్చినా సార్. ఆ కొత్తింట్లో గోడ దిక్కు తిరిగి పండుకొని, అన్నం మాని సచ్చిపాయ."

ఆఫీసరు ఫహద్ వైపు చూశాడు. కేసు వద్దన్నాడు ఫహద్. గురమ్మను మాత్రం మళ్ళీ ఇంటికి రావద్దన్నాడు.