డెబ్భై రెండు అని చెప్పాను

నేను ఒక షుగరు మిషన్ని. మీ ఇంట్లోనూ మా చుట్టాలు ఎవరో ఒకరు ఏదో సొరుగులో జిప్పు సంచిలో పడుకుని ఉండే ఉంటారు. చెప్పుకోవడానికి నాది గొప్ప పుట్టుకేమీ కాదు. ఒక ఫ్యాక్టరీలో, ముక్కుకి గుడ్డ కట్టుకున్న అమ్మాయి నా పొట్టలో బిళ్ళ బ్యాటరీ పెట్టి, మూత నొక్కి, అట్టపెట్టెలోకి తోసింది. నాకు నేర్పింది ఒక్కటే పని. రక్తం చుక్క అందుకుని, ఉన్న అంకె ఉన్నట్టు చెప్పడం.

నన్ను కొన్నది రాజమండ్రిలో సూర్యచంద్రరావు. కాలవల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రోజు నిష్ఠగా ఉపవాసం ఉండి, మిగతా రోజులన్నీ పూతరేకులు లాగించేవాడు. వేలు గుచ్చుకుని నా మొహంలోకి చూసి, "నీకు బొత్తిగా మొహమాటం లేదు కదే" అని నవ్వేవాడు. ఆ మాట నాకు సన్మానం చేసినట్టుండేది. కొన్నాళ్ళకి ఆయన ఫోనుతో కలిసి పనిచేసే కొత్త మిషను కొనుక్కుని నన్ను సొరుగులో పడేశాడు.

అక్కణ్ణించి నన్ను బయటికి తీసింది ఆయన భార్య శేషారత్నం. జాకెట్లు కుడుతుంది. ఆమె కుట్టుమిషను కింద గుడ్డముక్కల్లో పడుకునే నారింజ చారల పిల్లికి షుగరొచ్చింది. దాని పేరు జిలేబి. ఆ పేరు పెట్టినందుకే ఆ రోగం వచ్చిందని ఎదురింటావిడ నవ్వింది. శేషారత్నం నవ్వలేదు. నన్ను సంచిలో పెట్టుకుని, పిల్లిని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గర అన్నీ నేర్చుకొచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఇన్సులిన్ సీసాని కుదపకుండా అరచేతుల మధ్య దొర్లించడం, చెవి అంచున గుచ్చి చుక్క తీయడం, తిండి తిన్నాక మెడ వెనక తోలు పైకి పట్టి సూది వేయడం. చివర్లో డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పాడు. "పొద్దున చూసినప్పుడు నూట యాభైకి తగ్గితే ఇంజక్షన్ ఇవ్వొద్దమ్మా. నాకు ఫోన్ చెయ్యండి."

మొదట్లో అంతా బాగానే నడిచింది. తర్వాత పొద్దుటి అంకె పెరగడం మొదలైంది. ఎందుకో నాకు తెలుసు, నేను భోజనాల బల్ల మీదే ఉంటాను కదా. శేషారత్నం లేవకముందే సూర్యచంద్రరావు పాలప్యాకెట్టు తెచ్చి టీ పెట్టుకుంటాడు. జిలేబి ఆయన కాళ్ళకి చుట్టుకుని అరుస్తుంది. ఆయన బిస్కెట్లు పాలలో నానబెట్టి వెనక బాల్కనీలో పెడతాడు. "తిను, అమ్మగారు లేస్తారు" అని తొందరపెడతాడు. కాసేపటికి ఆమె లేచి చెవి గుచ్చుతుంది. నేను నాలుగు వందలు చూపిస్తాను. డాక్టరు మందు పెంచుతాడు. బిస్కెట్లు ఆగవు. మళ్ళీ పెంచుతాడు.

ఒకరోజు ఆమె అడిగేసింది. "ఏవండీ, దీనికేమన్నా పెడతన్నారా?"

"నేనా? దాని జోలికే వెళ్ళనే. ఆ మిషను ముసలిదైపోయింది. నా దగ్గరున్నప్పుడే తిక్కతిక్కగా చూపించేది."

ఆ మాట వినగానే నాకు నోట మాట పోయింది. అసలు నోరే లేదు, అది వేరే సంగతి. పూతరేకులు తిన్న రోజూ, తినని రోజూ ఆయనకి నిజం తప్ప ఇంకేమన్నా చెప్పానా? రెండు బిస్కెట్ల గుట్టు దాచుకోవడానికి నన్ను అబద్ధాలకోరుని చేశాడు. ఆమె నా వైపు అనుమానంగా చూసింది. నాకు ఏడుపొచ్చింది.

తర్వాత మేనల్లుడి గృహప్రవేశానికి ఆయన తణుకు వెళ్ళాడు. మర్నాడు పొద్దున జిలేబికి బిస్కెట్లు లేవు. పెంచిన మందు మాత్రం ఒంట్లో ఉంది. ఆమె చెవి గుచ్చింది. డెబ్భై రెండు అని చెప్పాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, చుక్క అందుకునే పుల్ల నాకు ఇంకోటి పెట్టి మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అంతే చెప్పాను. డాక్టరు ఫోను ఎత్తలేదు. మొగుడికి చేసింది. అవతల సన్నాయి మోగుతోంది.

"డెబ్భై రెండు చూపిస్తందండీ. ఇంజక్షన్ ఆపెయ్యమంటారా?"

ఇవాళ పిల్లికి తాను ఏమీ పెట్టలేదని ఆ మనిషికి తెలుసు. ఆ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది.

"నిన్న నాలుగొందలు, ఇవాళ డెబ్భయ్యా? పాడైందని చెప్తూనే ఉన్నా కదే. ఇచ్చెయ్, ఏం కాదు" అన్నాడు.

నా తెర మీద అంకె ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె నన్ను బోర్లా పెట్టి, సీసా అరచేతుల్లోకి తీసుకుంది. జిలేబి రోజూలాగే కదలకుండా మెడ వంచి కూర్చుంది.

ఆమె జాకెట్టుకి చేతులు అతుకుతుండగా పిల్లి తూలి పడిపోయింది. కాళ్ళు కొట్టుకుంది. ఆమె పంచదార నీళ్ళు దాని చిగుళ్ళకి రాస్తూ ఆటో ఎక్కింది. నన్ను కూడా తీసుకెళ్ళింది. డాక్టరు ఒకే చుక్కని తన మిషనుకీ నాకూ చూపించాడు. ఇద్దరం ఒకే మాట చెప్పాం. గ్లూకోజు ఎక్కించాడు గానీ జిలేబి లేవలేదు.

"మిషను బాగానే ఉందమ్మా. పొద్దున ఎంత చూపించింది?"

"డెబ్భై రెండండీ."

"మరి ఎందుకిచ్చారు?" ఆమె జిలేబి చెవి నిమిరింది, డాక్టరే మళ్ళీ అడిగాడు. "ఇంట్లో ఎవరన్నా ఏమన్నా పెట్టేవారా? ఇవాళ పెట్టలేదేమో."

"మా ఇంట్లో ఎవరున్నారండీ, ఆయనా నేనూ..." అని ఆగిపోయింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఖాళీ బుట్ట కింద ఉంది, నేను బల్ల మీద ఉన్నాను. ఆయన బుట్టని చూశాడు, నన్ను చూశాడు. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయాడు.

"మిషను బాగానే ఉందంటండీ."

"ఆకలని అరుస్తుంటే చూడలేకపోయానే రత్నం. రెండు బిస్కెట్లే."

"బిస్కెట్ల సంగతి కాదు. పొద్దున ఫోన్లో అడిగాను కదండీ."

ఆయన ఏం చేయాలో తోచక నన్ను సొరుగులో పెట్టబోయాడు.

"ముట్టుకోకండి దాన్ని" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా కళ్ళతో చూసిన అంకె వదిలేసి మీ మాట నమ్మాను. సూది మాత్రం నా చేత్తోనే వేశాను."