ఫీజు కట్టే వరస

అయినా రెండేళ్ళు జీతం రాకపోతే మనిషి చచ్చిపోతుందా ఏమిటి, చచ్చిపోదు, అద్దె గది వదిలేసి హాస్టల్లో చేరితే అద్దె మిగులుతుంది, మిగిలింది ఫీజుకే పోతుంది, పోనీ చదువయ్యాక వెనక్కి వస్తుందా అంటే ఆ ఆశా లేదు, పిల్లల వార్డులో పదకొండేళ్ళుగా నర్సు పని చేసి ఇప్పుడు తీసుకుంటున్న జీతమే ప్రజారోగ్యం డిగ్రీ చేతికొచ్చాక మొదటి ఉద్యోగంలోనూ ఇస్తారట, ఈమాత్రం దానికి కూడబెట్టిందంతా ఊడ్చి ఈ కాలేజీ కౌంటరు ముందు వరసలో నిలబడటం ఏం తెలివి అనుకుంటూ ఆమె ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది, ముందు ఇంకా చాలామందే ఉన్నారు, గడువుకి ఈ రోజే ఆఖరు, కిటికీ మూశారంటే సీటు ఇంకొకరిది, ఆ ఇంకొకరెవరో పాపం ఎక్కడో గోళ్ళు కొరుక్కుంటూ ఉంటారు, వాళ్ళకి వదిలేసి ఇంటికి పోతే పుణ్యమైనా దక్కుతుంది, ఇల్లంటే ఏముంది, తాళం తీస్తే పొద్దున తాగి పెట్టిన గ్లాసు పెట్టినచోటే ఉండే గది.

ఈ డిగ్రీ చేసిన కళ్ళజోడు ముందే చెప్పింది, కళ్ళజోడంటే నర్సింగు చదివేటప్పుడు హాస్టల్లో పక్క మంచం పిల్ల, జీతం మాట ఎత్తకే తల్లీ, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళూ మహారాణులం, అదయిపోతే మళ్ళీ రోడ్డు మీద, పైగా రోగి మొహమే కనపడదు, అన్నీ అంకెలే అని నవ్వి, అయినా నీ ఇష్టం అంది, అన్నయ్య ఫోనులోనే లెక్కగట్టి, కొండని తవ్వి ఎలకని పట్టడమే ఇది అన్నాడు, ఆ వెంటనే అయినా నీ ఇష్టం అమ్మా అన్నాడు, వదిన ఫోను లాక్కుని, నీకేంటమ్మా, ఒంటికాయ శొంఠికొమ్మువి, వెనకా ముందూ చూసుకోవాల్సిన వాళ్ళెవరున్నారు, నచ్చింది చేసెయ్ అంది, ప్రేమగానే అంది, అందుకే మరీ గుచ్చుకుంది, హెడ్ సిస్టరైతే తలకూడా ఎత్తకుండా, వెళితే వెళ్ళు, నీ జాగాలో ఎవరినో ఒకళ్ళని వేస్తార్లే అంది, పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చుని టీ తాగిన మనిషి.

మరి ఎందుకొచ్చిన చదువిది అంటే, వాంతులూ విరేచనాలతో వార్డుకొచ్చిన పిల్లల వల్ల వచ్చింది, సెలైను సూది గుచ్చేటప్పుడు ఏడవకుండా మీ ఇంటి ముందు ఏముంది నాన్నా అని అడుగుతుంది తను, కుక్క ఉందనో కొట్టు ఉందనో చెప్తూ ఏడుపు మర్చిపోతారు, ఒక వారం మాత్రం ఎవరిని అడిగినా ఒకటే మాట, మా ఇంటి ముందు తవ్వేశారు, సెలవు రోజున వెతుక్కుంటూ వెళితే వాళ్ళుండే సందులో గొయ్యి, గొయ్యిలో మురుగు, మురుగులో పగిలిన మంచినీళ్ళ గొట్టం, నీళ్ళ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి బాగు చేయించేదాకా వదల్లేదు, ఆ తర్వాత ఆ సందు పిల్లలు రావడమే మానేశారు, ఆయా మూతి ముడుచుకుని, ఎవరి దిష్టి తగిలిందో సిస్టరమ్మా మన వార్డుకి, ఈగలు తోలుకుంటున్నాం అంది, తను పకపకా నవ్వింది, నవ్వి, ఎవరికైనా చెప్దామని ఫోను తీసి, పేర్లు పైకీ కిందికీ జరిపి జరిపి, ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టేసింది, ఎంత సంతోషమది, ఎంత దిక్కులేని సంతోషం, జబ్బు తగ్గిన పిల్లల తల్లులు చేతులు పట్టుకుంటారు, జబ్బే రాని పిల్లల తల్లులకి తనెవరో ఏం తెలుసు, ఈ చదువు చదివితే ఇక బతుకంతా అంతే, ఆ పట్టుకునే చేతులు కూడా పోతాయి, అసలు ఖర్చు అదీ, ఫీజు కాదు.

చూస్తుండగానే వరస కరిగిపోయింది, అద్దం వెనక పెద్దాయన కాగితాలు తిప్పి, కట్టాక తిరిగి ఇవ్వరమ్మా, ఇంట్లో వాళ్ళని అడిగే వచ్చావా అన్నాడు, అడిగానండీ అనబోయి ఆగిపోయింది, అడిగింది, నెలరోజులుగా అదే పని, అన్నయ్యని, కళ్ళజోడుని, హెడ్ సిస్టర్ని, సిగ్గు లేకుండా ఆయాని కూడా, ఫీజింత జీతమింత ఏమంటారు అని, లెక్క రాకనా, పసిపిల్లల మందు మోతాదు చిటికెలో లెక్కగట్టే మనిషికి ఈ లెక్క రాదా, వద్దే, వెళ్ళకే, నువ్వు లేకపోతే మాకు తోచదు అని ఒక్కళ్ళయినా అంటారేమోనని, అలా అంటే డబ్బు చాలదని వంక పెట్టి హాయిగా ఉండిపోదామని, అందరూ డబ్బు సంగతే చెప్పారు, ఉండిపొమ్మని ఒక్కళ్ళూ అనలేదు, ఏమ్మా, ఇంకోసారి అడిగొస్తానంటే కాసేపు ఆగుతాలే అన్నాడు పెద్దాయన, ముక్కూ మొహం తెలియని మనిషి, ఆ మాటకే కళ్ళు చెమర్చాయి, అడగడం అయిపోయిందండీ అని కార్డు అద్దం కిందనుంచి తోసింది, తోశాక తెలిసింది, వెళ్ళాలని ఉందా అని మాత్రం ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, తనని తనూ అడగలేదు, ఉంది.