దిబ్బపై దొరికిన గ్రహశిల

గ్రీష్మమధ్యాహ్నమున ప్రచండమార్తాండకిరణసంతప్తములైన నల్లగుట్టలు నిశ్చలజ్వాలలవలె నిలిచియుండగా, ఎండిన వాగు తీరమున కమ్మరి మౌనాచారి కొలిమిముంగిట శ్వేతవస్త్రధారియు స్వర్ణోపనేత్రభూషితుడును స్వస్తుతిశ్రవణలాలసుడునగు భూగర్భశాస్త్రాచార్యుడు నిడుమోలు భార్గవరావు చేతిరుమాలుతో ముక్కు మూసికొని కూర్చుండెను. కొలిమిపొగకంటె కమ్మరి మేనిచెమటయే యాయన కసహ్యముగ నుండెను.

ఎదుట నొక నల్లరాయి. ఆరుమాసముల క్రిందట ఆ గ్రామసమీపమున నొక దిబ్బపై దానిని గని, గ్రహముగ నెదుగజాలక మిగిలి యాకాశమునుండి రాలిన యాదిమశిల యని పత్రికలందు ప్రకటించి, కోసి పరీక్షింతమన్న శిష్యులను గద్దించి, దానిని ముందిడుకొని నూతన శిలాప్రదర్శనశాల కధిపతి కానుండెను. మరునాడే పండితులు విచ్చేయుదురు. శిల నిజమైనచో పదవి, కానిచో పరిహాసము. ఆ దిబ్బ పేరైన నాయన యెవ్వరినీ యడిగియుండలేదు. పల్లెజనుల మాట తన చెవికి దగదని యాయన నిశ్చయము.

ప్రదర్శనకై తాను చేసిన యినుపపీఠమున రాయి కుదురుటకై మౌనాచారి దాని మూలను ఆకురాయితో రాచి, పరికించి, నవ్వెను.

"సామీ, ఇది మా తాతలు ఇనుము తీసి పారేసిన చిట్టెం గదా! బుడగలు సూడండి. ఇదో, బొగ్గుపలుకు గూడా ఉండాది."

"మూఢుడా! భూమి పుట్టకపూర్వపు శిల యిది."

"అట్లనా! అయితే భూమి పుట్టకముందే మా తాత కొలిమి ముట్టిచ్చినాడు. శానా గట్టోడే!"

ఆచార్యుడు కుపితుడై, బాలసూర్యుని చుట్టు దిరుగు ధూళి కణకణమును గూడి శిలలగుటయు, శిలలు ఢీకొని గ్రహములగుటయు, ఆ తాపమున సర్వమును కరగి బరువైన యినుము కేంద్రమునకు దిగగా, ఆలివిన్, పైరాక్సీన్ మొదలగు తేలికఖనిజములు పైని పొరయై నిలుచుటయు నేకధాటిగ వచించెను.

"కొలిమిలోనూ అంతే గదా సామీ. ఇనుము అడుక్కు దిగుతాది, చిట్టెం పైకి తేలుతాది. తేలినదాన్ని మేము దిబ్బన పారేస్తాం. మీరు అద్దాలపెట్టెలో పెడతాండారు!"

భార్గవరావు ఆ రంధ్రములను జూచెను. చూచినక్షణముననే యెరిగెను. తానెరిగినట్లు తనకు దెలియకుండ మనస్సు వెంటనే తలుపు మూసికొనెను. అబద్ధమాడువానికి భయముండును. తన్ను దాను నమ్మించుకొన్నవానికి దర్పమే యుండును.

"ఆ మూల గప్పునట్లు పట్టీ వేయుము."

"ఏయమంటే ఏస్తా. పట్టీ ఏసినంతమాత్రాన రాయి మారదు సామీ."

మరునాడు ప్రదర్శనశాలలో సభ నిండెను. పీఠముపై రాయి, రాతిక్రింద "భార్గవశిల" యని చెక్కిన యిత్తడిఫలకము. వృద్ధపండితురాలు వకుళాదేవి ఫలకమును జదివి మందహాసము చేసి, "ఆకాశమునుండి పడిన రాతికి దొరికిన చోటి పేరే పెట్టుట మన యాచారము. ఆ చోటి పేరేమి?" అనెను.

ఆచార్యుడు చేతిరుమాలు దీసి ఫలకమును తుడువసాగెను. పీఠమును మోసికొనివచ్చి ద్వారముకడ నిలిచియున్న మౌనాచారి కది చూడ జాలి గలిగెను.

"చిట్టెందిబ్బ అంటారమ్మా. మా తాతలు ఇనుము కరగబోసినచోటు."

ఆమె రాతికడకు వంగి చూచి, "ఆ పట్టీ యూడదీయుము నాయనా," అనెను.

పదవి వేరొకని వరించెను. రాతిని మౌనాచారి తిరిగి దిబ్బపై బారవైచెను. పీఠమున నంటిన ఫలకమును దీయుట కెవ్వరును శ్రద్ధవహింపరైరి. నేటికిని సందర్శకు లా రిక్తపీఠముకడ నిలిచి, ఫలకముపై పేరు జదివి, ప్రదర్శితవస్తు వేదియోయని వంగి వెదకి, ఏమియు గానక ముందునకు సాగుచున్నారు.