పెన్సిల్ మీద సగం ఎరుపు

సోమవారం పొద్దున్న మా ఇంట్లో గొడవ ఒక దారపు ఉండ దగ్గర మొదలైంది. ఎర్ర పట్టు దారం. చీర కుచ్చులు కట్టడానికని మా కొట్లోంచే తెచ్చి, అల్మారా రెండో అరలో, పసుపుకీ ఆకుపచ్చకీ మధ్య పెట్టుకున్నాను. అది కనబడలేదు. వెతగ్గా వెతగ్గా పసుపు కూడా లేదు.

"నా దారం మీరేనా తీసింది?" అని మా ఆయన్ని అడిగాను.

"మనది దారం కొట్టు. ఇంట్లో ఉండ కనబడ్లేదని గొడవేటి?" అన్నారు, పేపరు దించకుండా.

"కొట్లోది కొట్లోదే. ఇది నాది."

"దారంలో కూడా నీదీ నాదీ ఉంటాదేటి?"

"నా ఉండకి కొస ముడేసి ఉంటుంది. మీ కొట్లో ముడెయ్యరు."

వంటింట్లోంచి మా అత్తగారు భారతీదేవి గారు కేకేశారు. "ఒరే శ్యామూ, తీస్తే తీసినానని సెప్పు. ఉప్మా సల్లారిపోతంది."

ఆయన పేపరు పేజీ తిప్పారు. చెప్పనక్కర్లేదు. చొక్కా కఫ్ బొత్తానికి బెత్తెడు ఎర్ర దారం చుట్టుకుని ఉంది. నేను దాన్ని చూశాను. ఆయన కొట్టుకి వెళ్ళగానే మేడ మీదికి వెళ్ళాను. నీళ్ళ డ్రమ్ము వెనక, పాత దుప్పట్లో చుట్టి, నల్లటి కొత్త గాలం కర్ర ఒకటి దొరికింది. పక్కన మిఠాయి డబ్బాలో గాలానికి కట్టే తంగూసు దూరే రింగులు, వాటి మధ్య నా ఉండలు. ఎరుపు, పసుపు, అడక్కుండానే ఆకుపచ్చ కూడా.

ఈ కర్ర సంగతి చెప్పాలంటే ఆదివారాల సంగతి చెప్పాలి. ప్రతి ఆదివారం మా ఆయనా, మావగారు భీమేశ్వరరావు గారూ, బరంపురం స్నేహితులూ కలిసి ఛత్రపురం దగ్గర తంపర సరస్సుకి చేపలు పట్టడానికి వెళతారు. తెల్లవారక ముందే లేచి వాళ్ళకి పులిహోర కట్టేది నేను. మూడేళ్ళుగా నన్నూ తీసుకెళ్ళమని అడుగుతున్నాను. "ఆడోళ్ళకి అక్కడ కూకోడానికి సోటుండదు" అంటారు. అవతలి ఒడ్డు పొద్దున మంచులో కనబడనంత పెద్దదట అది. చోటు మాత్రం లేదట.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు మిఠాయి డబ్బా తెచ్చి ఆయన కంచం పక్కన పెట్టాను. అప్పుడు చెప్పారు.

మొన్న ఆదివారం తంపర ఒడ్డున లోకనాథ్ గారు మా ఆయన పాత కర్రని చూసి గొడుగు కాడలా ఉందన్నారట. లోకనాథ్ గారిది చీరల దుకాణం, మగ్గాలకి దారం మా దగ్గరే కొంటారు. మా ఆయన ఊరుకోకుండా, వచ్చే వారం తన చేత్తో కొత్త కర్ర కట్టి తెస్తాననీ, రింగులు బిగించే దారం చుట్లు బరంపురం పట్టుచీర అంచులా మెరిసిపోతాయనీ అన్నారు. "వార్నిష్ పడ్డాక రంగు ఉంటాదా?" అని లోకనాథ్ గారు అడిగారు. "మా కొట్టు దారం రంగు పోదు" అని ఈయన. పందెం కట్టుకున్నారు. రంగు మాసిపోతే ఈ చలికాలమంతా లోకనాథ్ గారి ఎర డబ్బా మా ఆయన మొయ్యాలి. నిలిస్తే మా ఆయనది లోకనాథ్ గారు మొయ్యాలి.

"నలుగురిలో అనీసినాను. రంగు పోయిందంటే ఎర డబ్బాతో పోదు, కొట్టు దారానికే పేరు పోతాది" అన్నారు.

"అయితే ముందు ఒక పుల్ల మీద చుట్టి వార్నిష్ వేసి చూడండి."

"ఇది సీర కాదు పద్మా. గాలం కర్ర. నీకేటి తెలుసు?"

ఆ మాట మడత నలక్కుండా దాచుకున్నాను.

పరీక్ష మావగారు చేశారు. నలభై ఏళ్ళుగా కొట్లో చేస్తున్న పరీక్షే. దారాన్ని నీళ్ళలో ముంచి, తెల్ల జేబురుమాలులో పెట్టి, బొటనవేలితో గట్టిగా నొక్కి, రుమాలు వెలుతురులో పెట్టి చూపించారు. "సుక్క రంగు దిగిందేటి? దిగలేదు. ఇంకేటి, పుయ్యి" అన్నారు. కొడుకు రింగుల మీద దారం చుట్టి వార్నిష్ పూశాడు. రెండు సీసాల్లోవి సమంగా కలిపి రాసే గట్టి వార్నిష్ అది, గాజులా ఆరుతుంది.

మంగళవారం సాయంత్రానికి గాజులాగే ఆరింది. లోపల ఎరుపు మాత్రం నిన్నటి చింతపండు రసంలా ఉంది. ఆకుపచ్చ నల్లబడింది. పసుపు ఎక్కడా లేదు. దారం ఉంది గానీ దాంట్లోంచి కర్ర నలుపే కనబడుతోంది.

మావగారు కర్రని అటూ ఇటూ తిప్పారు. మళ్ళీ జేబురుమాలు తీశారు. దేని మీద నొక్కాలో తెలియక, నుదురు తుడుచుకున్నారు.

"దారం మంచిదేరా" అన్నారు చివరికి.

"మంచిదే నాన్నా. కనబడ్డం లేదంతే" అన్నారు మా ఆయన.

నాకు పకోడీల పొట్లం గుర్తొచ్చింది. కాగితానికి నూనె పడితే అక్షరాలు అవతలి నుంచి కనబడతాయి. కాగితం రంగు పోయిందా? పోలేదు. నూనె లోపలికి దిగింది. దారానికీ జరిగింది అదే అయితే, వార్నిష్ కంటే ముందు దారంలోకి ఇంకేదైనా దిగి కూర్చోవాలి. పట్టు బట్ట మీద బొమ్మలు వేసేటప్పుడు రంగు పాకకుండా ముందు ఒక మీడియం పూస్తాను. పాలలా తెల్లగా ఉంటుంది, ఆరితే ఉన్నట్టే తెలియదు.

ఒక పెన్సిల్ తీసుకున్నాను. నల్ల పెన్సిలే. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్ర దారం చుట్టి, సగానికి మీడియం పట్టించాను. రాత్రి ఒకసారి, పొద్దున్న ఒకసారి. పూర్తిగా ఆరాక మొత్తానికి వాళ్ళ వార్నిషే రాశాను. బుధవారం సాయంత్రానికి పెన్సిల్ రెండు ఊళ్ళదయింది. ఒక సగం చింతపండు, ఒక సగం పెళ్ళికూతురి చీర. తీసుకెళ్ళి మా ఆయన చిట్టా పుస్తకంలో, ఆయన రాస్తూ ఆపిన పేజీలో పెట్టి వచ్చేశాను.

గురువారం పొద్దున్న ఆ పెన్సిల్ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఇదేటి?"

"పెన్సిల్."

"అది తెలుస్తంది. ఈ సగం ఎలాగొచ్చింది?"

"నాకేం తెలుసండీ. నేను చీరల మనిషిని."

అత్తయ్య పోపు గరిట ఆపి మరీ విన్నారు. "అడుగు, అడుగు. మర్యాదగా అడిగితే సెప్తాది" అన్నారు కొడుకుతో.

"సెప్పు పద్మా. ఆదివారం ఎంతో దూరం లేదు."

"చెప్తాను. బదులుగా ఒకటి అడుగుతాను. అదేమిటో శనివారం చెప్తాను. సరేనని ఇప్పుడే అనాలి."

ఆయన నా ముఖం చూశారు, పెన్సిల్ చూశారు. "సీరేనా?"

"చీర కాదు."

"అయితే సరే." చీర కానిదేదైనా చిన్నదే అనుకున్నట్టున్నారు.

ఆ రోజు కొట్టుకి మావగారొక్కరే వెళ్ళారు. నా హెయిర్ డ్రయ్యర్‌తో పాత వార్నిష్‌ని వేడి చేసి, బ్లేడుతో కోసి, చుట్లన్నీ ఒలిచేశాం. ఆయన మళ్ళీ చుట్టారు. ఆయన చుట్టిన వాటిలో రెండు చోట్ల పోగుకీ పోగుకీ మధ్య సందు ఉంది. విప్పించాను.

"అంత సందు ఎవుడు సూస్తాడు?"

"లోకనాథ్ గారు."

పోగులు గోటితో దగ్గరికి నెడుతూ మళ్ళీ చుట్టారు.

మీడియం నేనే పట్టించాను. మెత్తటి కుంచెతో, కర్ర తిప్పుతూ, ప్రతి పోగూ తడిసేదాకా. ఎక్కడ తడవకపోతే అక్కడ వార్నిష్ దిగి మచ్చ పడుతుంది. సాయంత్రం ఒకసారి, శుక్రవారం పొద్దున్న ఒకసారి, పదకొండు గంటలకి ఒకసారి. పన్నెండింటికల్లా ఆయన వార్నిష్ సీసాలు వెతుకుతున్నారు.

"ఆరిపోయింది కదా, పూసేస్తాను."

"పైన ఆరింది. లోపల ఆరలేదు."

"నీకెలా తెలుసు?"

"ఇంకా చల్లగా తగుల్తోంది."

సీసాలు దొరకలేదు. బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఆ డబ్బా మీద అత్తయ్య కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నారు. కొడుకు మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. మూడుసార్లూ ఆవిడ ఒలిచిన చిక్కుళ్ళే మళ్ళీ ఒలిచారు. సాయంత్రం ఐదింటికి నేను చుట్ల మీద వేలు పెట్టి చూసి, సరే అన్నాను. ఆవిడ లేచారు.

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి అందరూ భోజనానికి కూర్చున్నారు. కర్ర గోడకి ఆనించి ఉంది. ఎరుపు ఎర్రగా, పసుపు పచ్చగా, ఆకుపచ్చ ఆకులా. కిటికీలోంచి ఎండ పడితే మావగారు కంచంలో చెయ్యి పెట్టడం మర్చిపోయారు.

"మన దారమే" అన్నారు.

"దారం మనదే. తెలివి కోడలిది. ముందు అన్నం కలుపుకోండి" అన్నారు అత్తయ్య.

మా ఆయన హుషారుగా ఉన్నారు. "రేపు ఐదింటికల్లా బయల్దేరాల. పద్మా, పులిహోర కొంచెం ఎక్కువ కట్టు. లోకనాథ్‌కి కూడా ఎట్టాల, పాపం. డబ్బా మోస్తాడు కదా."

నేను చారు వడ్డించి, గరిట గిన్నెలో పెట్టి, కూర్చున్నాను.

"గురువారం సరే అన్నారు, గుర్తుందా?"

"ఉంది. ఏటి కావాల సెప్పు."

"రేపు తంపరకి నేనూ వస్తున్నాను. ఈ కర్ర నా చేతిలో ఉంటుంది. మొదటి గాలం నేను వేస్తాను. అత్తయ్య కూడా వస్తున్నారు."

ఆయన వాళ్ళమ్మ వైపు చూశారు. ఆవిడ పెరుగు వేసుకుంటున్నారు.

"అక్కడ కూకోడానికి సోటు..." అని మొదలుపెట్టి, గోడకున్న కర్రని చూసి, మానేశారు. "మరి నేను?" అన్నారు.

"మీ కర్ర మీరు తెచ్చుకోండి. ఆ గొడుగు కాడ ఉంది కదా. లోకనాథ్ గారి డబ్బా మీకు తప్పింది, నా డబ్బా మోద్దురు గాని."

మావగారు నవ్వబోయి, కోడలి ముందని దగ్గారు. అత్తయ్య ఆయన వైపు తిరిగారు.

"నవ్వకండి. బళ్ళో నలుగురికే సోటు. లోకనాథ్ కూడా మన బండిలోనే వస్తాడు. రేపు మీరు ఇంటికాడే ఉండి పులిహోర కలిపి, మద్దేన్నానికి ఆటోలో అట్టుకు రండి."

"నాకు పులిహోర ఏటి తెలుసు? ఉప్పు సరిపోయిందో నేదో ఎలా సూడాల?"

"తడి జేబురుమాల్లో ఎట్టి నొక్కండి" అన్నారు అత్తయ్య, పెరుగన్నం కలుపుకుంటూ.