చెలమ తేరేదాకా

మబ్బు కాదు, మంచూ కాదు, ఏదో తెలుపు, ఈ పొద్దున తాండూరు మీద ఆకాశమంతా గంజి వార్చినట్టు పరుచుకుని ఎండను రానివ్వక పోనివ్వక ఆపి పెట్టింది, నేనూ అట్లాగే ఆగిపోయి ఉన్నాను, భుజం మీద పార, కాళ్ల కింద కాగ్నా వాగు ఇసుక, వెనక గట్టు మీద మేము కట్టిన కొత్త గది, పర్యావరణ కేంద్రం అని అరుణాదేవి టీచరమ్మ పెట్టిన పేరు నాకు నోరు తిరగదు, ఊరు దాన్ని వాగుబడి అంటుంది, బడి పిల్లలు వచ్చి వాగును చూసి నేర్చుకోవాలని తలా ఇంత వేసుకుని కట్టాము, గట్టు మీది జాగా నేనిచ్చాను, గోడలు లేచాయి, రేకులు పడ్డాయి, తెలుగులోనూ ఉర్దూలోనూ బోర్డు రాయించారు, నేల ఒక్కటే మట్టిది మిగిలింది, ఆ నేలకని తాజ్ మొహమ్మద్ నిన్న బండి మీద పంపిన బండలు గోడకు ఆనించి ఉన్నాయి, నున్నటివి, వంగితే ముఖం కనిపిస్తుంది, వాటిని ఇటువంటి నునుపు చేసే పాలిష్ మిషను తాజ్‌దే, ఆ మిషను కడిగిన తెల్ల నీళ్లు కాలువ పట్టుకుని వచ్చి పడేది ఈ వాగులోనే.

వికారాబాదు నుంచి పొద్దటి రైలుకు దిగి టీచరమ్మ నిన్న మెల్లగానే అంది, జంగప్ప గారూ, ఆయన బండల మీదనే కూసోబెట్టి పిల్లలకు వాగు గురించి ఏం చెప్తం, జాగా మీది, బండలు వద్దనే మాట మీ నోటి నుంచే రావాలె, నేను తలూపాను, తలూపడం నాకు వచ్చు, ఇంటికి పోయి చెప్తే నా భార్య పద్మమ్మ పొయ్యిలోంచి కట్టె వెనక్కి లాగి, బండలు వాపస్ పంపితె అలీమాబీ మన గడప తొక్కుతదా, నీ వాగుబడి నీకుంటది, పీరీల పండుగకు నేనెవలింటికి పోవాలె చెప్పు అంది, దానికీ తలూపాను, అలీమాబీ తాజ్ ఇల్లాలు, వద్దనే ఆ మాట రాత్రంతా పంటి కింద రాయిలా ఉంది, ఉమ్మనూ లేదు, మింగనూ లేదు, తాజ్ వాళ్లదీ మాదీ ఒకప్పుడు ఒకటే చెలమ, ఎండలు ముదిరితే ఇదే ఇసుకలో మోకాటి లోతు గుంత తీస్తే నీళ్లు ఊరేవి, మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోయాలి, మళ్లీ ఊరి తేరేదాకా ఎవరూ పెదవి కదపకూడదు, అది తాజ్ వాళ్లమ్మ ఉమ్రావ్ బేగం పెట్టిన కట్టడి, చుప్ బైఠో, పానీ డర్తా, మాట్లాడితే నీళ్లు బెదురుతయి రా అనేది, మేమిద్దరం మోకాళ్లు కావలించుకుని గుంతలోకి చూస్తూ కూర్చునేవాళ్లం, అడుగున ఇసుక రేణువు రేణువుగా కనబడేది, నాకు మాటలు తగ్గింది అక్కడేనేమో.

ఏం జంగన్నా, పార నువ్వు మోస్తున్నవా, పార నిన్ను మోస్తున్నదా, తాజ్ గొంతే, ఉతికిన లాల్చీ వేసుకున్నాడు, కనురెప్పల మీద మాత్రం బండల పొడి అట్లాగే ఉంది, ఎంత కడిగినా పోదంటాడు, గట్టు మీద పిల్లలు వరసగా కూర్చున్నారు, చెలమ ఎట్లా తీస్తారో చూపించడం ఈ రోజు మొదటి పాఠం, ఉమ్రావ్ బేగం కట్టడి టీచరమ్మ వాళ్లకు చెప్పేసింది, అందరూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నారు, నేను పార దించానో లేదో తాజ్ గుంజుకున్నాడు, జర హటో, నీకేమొస్తది, నీది రేగడి చేతి వాటం, ఇసుకకు నా అసుంటోడు గావాలె అని లాల్చీ చేతులు మడిచి తవ్వాడు, ఊరాయి నీళ్లు, తెల్లగా, తోడి పోశాడు, మళ్లీ ఊరాయి, తెల్లగానే, ఇద్దరం చెరో పక్క గొంతుక్కూర్చున్నాం, ఆకాశం తెల్లగా, గుంత తెల్లగా, రెంటి నడుమ మేము, ఇంకా తేరదేం, తేరుతుంది, మా కాలంలో ఈపాటికి తేరిపోయేది కదా అనుకున్నాను, తాజ్ వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూశాడు, ఆ జిగురు వాడికి తెలియనిదా, రోజూ దగ్గులో వచ్చేది అదే కదా, వాడి ముఖం చూడకుండా గుంతలోకే చూశాను, చూస్తే నా మాట బయట పడుతుందని.

అప్పుడు ఒక చిన్నపిల్ల ఆపుకోలేక గుసగుసగా, తాతా, నీళ్లు బెదిరినయా అని అడిగింది, తాజ్ వేలికంటిన తెలుపు ఇసుకలో తుడుచుకుని, వాటంతట అవి బెదరలే బిడ్డా, మనమే బెదిరిచ్చినం అన్నాడు, మెల్లగా, వాళ్లమ్మతో చెప్పుకుంటున్నట్టు, ఆ మాటతో నా పంటి కింది రాయి దానంతట అదే జారింది, తాజ్ భాయీ, నీ బండలు వద్దు అన్నాను, ఇంతేనా, ఇంత చిన్న మాటా రాత్రంతా మోసింది, తాజ్ గోడ దిక్కు చూశాడు, బండల దిక్కు చూశాడు, మరి నేనో అన్నాడు, ఆ గొంతు చెలమ కాడి పిల్లవాడిది, నువ్వెటు పోతవు, కూసో అన్నాను, వాడు పోలేదు, ఇసుకలో వేళ్లతో ఏదో గీసి చెరిపి, పార రేపు నాకియ్యి, మిషను కాడ గుంత తవ్వేదుంది, తెల్ల నీళ్లు ఆడ్నే ఆగి పేరుకోవాలె, ఏం, ఇస్తవా లేదా, దానికి కూడా తలూపుతవా అన్నాడు, నేను తలూపాను, టీచరమ్మ మొహం తిప్పుకుని నవ్వింది.

ఎండ వచ్చింది, గదిలో మట్టి నేల మీదనే అందరం కూర్చున్నాం, పద్మమ్మ జొన్నరొట్టెలు విప్పింది, అలీమాబీ ఇంటి నుంచి తెచ్చిన పుల్లటి పప్పు గిన్నె నాకూ తాజ్‌కూ నడుమ పెట్టి, పద్మమ్మ పక్కన చోటు చేసుకుని కూర్చుంది, గుంత రేపే తవ్వినా వాగు ఎప్పుడు తేరేనో, ఒక ఎండాకాలం చాలదు, బండలు వద్దంటే మనిషిని వద్దన్నట్టేనని రాత్రంతా ఎందుకు భయపడ్డానో, తాజ్ రొట్టె తుంచి సగం నా దిక్కు జరిపాడు, నేను తీసుకున్నాను, ఒకే గిన్నెలో ఇద్దరం ముంచుకున్నాం, కింద నేల చల్లగా ఉంది, పిల్లలు కూడా చప్పుడు చేయకుండా నములుతున్నారు, తినడం అయిపోయేదాకా ఎవరమూ పెదవి కదపలేదు.