నాలుగున్నర ముక్కలు

మా బడిలో కొత్త లెక్కల పుస్తకం ఎంచుకోవడమంటే ఇల్లు కొన్నంత తతంగం. ఏ కంపెనీదో తెలిస్తే మొహమాటాలు అడ్డొస్తాయని హెడ్మిస్ట్రెస్ గారు నమూనా పుస్తకాలన్నిటికీ తన చేత్తోనే ఖాకీ అట్టలు వేసి, వాటి మీద అ, ఆ, ఇ అని రాస్తారు. చదివి మార్కులు వెయ్యడానికి ఒక కమిటీ. ఈసారి ఆరో తరగతి పుస్తకానికి కమిటీ అంటే ఆవిడా, నేనూ, మా ‘ఉదాహరణకి’ మాస్టారూ. ఆయన నాకంటే సీనియర్ లెక్కల మాస్టారు. మంచినీళ్లు అడగాలన్నా ‘ఉదాహరణకి’ అనే మొదలుపెడతారు కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. కమిటీకి రూలు ఒక్కటే. పుస్తకాలు తిరిగి కంపెనీలకి వెళ్లాలి, వాటి మీద చుక్క సిరా పడకూడదు.

వాళ్లిద్దరూ చూశాక, నా వంతుకి మూడింటినీ ఇంటికి మోసుకొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాను. ‘అ’ నాకు చూడగానే నచ్చేసింది. భాష తేటగా ఉంది, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి, లెక్కలు ఒక్కో మెట్టూ ఎక్కిస్తున్నట్టు ఉన్నాయి. మార్కుల కాగితంలో భాషకి ఒక గడి, బొమ్మలకి ఒక గడి, అభ్యాసాలకీ, కాగితానికీ, కుట్టుకీ తలా ఒకటి. అన్నిట్లోనూ ‘అ’కే పెద్ద మార్కులు వేసి, మిగతా రెండూ మర్యాదకి తిరగేశాను.

మా అత్తయ్య ఆరో తరగతిలోనే బడి మానేసిన మనిషి. తల్లి పోతే తమ్ముళ్లని చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాల్సి వచ్చింది. “ఎలాగూ లెక్కలు రాని పిల్లేగా, మానేస్తే పోయేదేముంది” అన్నారట వాళ్ల నాన్న. ఆ తమ్ముళ్లు చదువుకుని తలో ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఈవిడ ఈ వయసులో, గ్రంథాలయం పైగదిలో పెద్దవాళ్లకి నడిపే సాయంత్రం బడిలో చేరారు. ఏడాది చివర పరీక్ష. రాసేవాళ్లు సోమవారానికల్లా పేరు ఇవ్వాలి. ఇంట్లో లెక్కల టీచరుండగా అంత దూరం ఎందుకని అడిగితే, “నీకు ఓపిక తక్కువ తల్లీ” అన్నారు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటే ఇదే. అయినా ఈ చెట్టుకి ముళ్లు ఎక్కువేనని నాకూ తెలుసు.

“ఈ పుస్తకం బావుందే అమ్మాయ్. నేను చేసుకోనా?” అని అడిగారు ‘అ’ని చూసి.

“చేసుకోండి. కానీ అత్తయ్యా, దాని మీద గీత పడిందంటే మా హెడ్మిస్ట్రెస్ నన్ను బెంచీ ఎక్కిస్తుంది.”

ఆ మాటతో ఆవిడ చేతులు సబ్బుతో కడుక్కుని గానీ పుస్తకం ముట్టుకునేవారు కాదు. లెక్కలన్నీ పలక మీదే. ఇక ఇల్లంతా భిన్నాలే. నేను స్నానానికి వెళ్లినా తలుపు బయటి నుంచి, “అమ్మాయ్, ముప్పాతికంటే నాలుగింట మూడే కదా?” అని కేక. మా ఆయన అయితే, అమ్మ చపాతీని కూడా భిన్నాల్లోనే వడ్డిస్తోందని గోల.

శనివారం నేను బడి నుంచి వచ్చేసరికి పుస్తకం బల్ల మీద మిగతా రెండింటి పక్కన బుద్ధిగా పెట్టేసి ఉంది. పలక పిండి డబ్బా వెనక్కి పోయింది. అత్తయ్య మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు.

“నేను పరీక్ష రాయట్లేదు,” అన్నారు తలెత్తకుండానే.

“ఏం? ఎందుకని?”

“నా బుర్రకి ఇది పట్టదులే.”

“నిన్నటిదాకా పట్టింది కదా, ఇవాళ దానికెక్కడ చిల్లు పడింది?”

నా ఓపిక సంగతి ముందే చెప్పానుగా. అత్తయ్య చేతిలో దుప్పటి పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పారు.

“ఆరు మీటర్ల తాడు ఉందట. ముప్పాతిక మీటరు చొప్పున కోస్తే ఎన్ని ముక్కలని. నాకు ఎనిమిది వచ్చింది. వెనక జవాబు చూస్తే నాలుగున్నర. చెరిపేసి మళ్లీ చేశా. మళ్లీ ఎనిమిదే. మధ్యాహ్నమంతా అదే పని. చివరికి భాగించకుండా హెచ్చవేస్తే నాలుగున్నర వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలీదు. పుస్తకంతో కలిసింది కదా అని రాసుకున్నా. ఎందుకో తెలీకుండా చేసేదాన్ని పరీక్షకేం వెళ్తానే?”

నేను వెళ్లి ‘అ’ వెనక పేజీలు తెరిచాను. అన్ని గడులూ నింపి మార్కులు వేసిన పుస్తకంలో ఆ పేజీలు తెరవడం నాకు అదే మొదటిసారి. లెక్కల టీచర్లం జవాబులు చూడం. మాకవి తెలుసు కదా. మార్కుల కాగితంలో కూడా వాటికి గడి లేదు. ఆరు మీటర్ల తాడు లెక్కకి నాలుగున్నర అని నిక్షేపంలా అచ్చయి ఉంది. దాని కింద అలాంటివే ఇంకొన్ని. భాగించాల్సిన చోటల్లా ఎవరో మహానుభావుడు హెచ్చవేసుకుంటూ పోయాడు.

“అత్తయ్యా, మీరే రైటు. పుస్తకం తప్పు.”

“నన్ను ఓదార్చకులే.”

“ఓదార్పు కాదండీ, నిజంగానే!”

“అంత చదువుకున్నవాళ్లు రాసి, అచ్చేసింది తప్పెలా అవుతుంది? ముక్కల్లో సగం ముక్కేంటని నాకూ అనుమానం వచ్చింది. మనకేం తెలుసులే అని ఊరుకున్నా.”

పలక తీసుకుని, క్లాసులో చెప్పినట్టే గబగబా చేసి చూపించాను. అత్తయ్య తలూపారు. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు. టీచరమ్మ ఇక ఆపితే బావుణ్ణని పిల్లలు ఊపేది అదే. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, అదీ పుస్తకంలో అచ్చయిన మూడు కాళ్లు. ఇక మాటలతో పని కాదనిపించింది.

బాల్కనీలో బట్టలారేసే తాడు ఉంది. మా ఆయన చొక్కాలు తీసి కుర్చీలో పడేసి, ముడి విప్పాను.

“కొత్త తాడే అది!”

“కొత్తదైతే ఇంకా నయం, సాగదు. టేపు పట్టుకోండి.”

కుట్టు డబ్బాలోంచి టేపు తీసి ఆరు మీటర్లు కొలిచాం. ఎక్కువున్నది కోసి పక్కన పెట్టాం. నేను ఒక కొస పట్టుకుంటే, అత్తయ్య ముప్పాతిక మీటరు కొలిచి వంటింటి కత్తెరతో కోశారు. ఒకటి. రెండు. కొలవడంలో ఆవిడ నాకంటే జాగ్రత్త, ప్రతిసారీ టేపు మడత విప్పి చూసుకుంటారు. నాలుగో ముక్క పడగానే చెయ్యి ఆగిపోయింది. నా చేతి నుంచి వేలాడుతున్న తాడు వైపు చూశారు.

“ఇంకా ఇంత ఉందేంటి?” అన్నారు. “పుస్తకం ప్రకారం ఇక సగం ముక్కేగా మిగలాలి?”

అత్తయ్య మిగతాది గబగబా కోసేశారు. ఎనిమిదో ముక్క నా చేతిలోనే మిగిలింది. ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. నేల మీద అలాగే చతికిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“మధ్యాహ్నం నుంచీ నన్ను నేను ఎంత తిట్టుకున్నానో,” అన్నారు. “చిన్నప్పుడు కూడా ఇలాగే వచ్చినవే చెరిపేసుకున్నానేమో, ఎవరికి తెలుసు?”

నా క్లాసు గుర్తొచ్చింది. సరిగ్గానే చేసి, వెనక పేజీ చూసి, నోరు మెదపకుండా రబ్బరు అందుకున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో. ఏంట్రా ఈ చెరుపుడని నేను కసిరినవాళ్లు కూడా ఉంటారు. సిగ్గేసింది. వచ్చే ఏడు ఆ పుస్తకం ప్రతి బల్ల మీదా ఉండేది, నా మార్కుల పుణ్యమా అని.

లోపలికి వెళ్లి ‘అ’నీ, నేను పేపర్లు దిద్దే ఎర్ర కలాన్నీ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను.

“గీత పడకూడదన్నావుగా?”

“అన్నాను. ఇప్పుడు మీరే గియ్యండి.”

అత్తయ్య లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కొచ్చారు. నాలుగున్నర మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఎనిమిది వేశారు. ఇంత పెద్ద ఎనిమిది, పక్క జవాబు మీదకి కూడా పాకింది.

సోమవారం కమిటీలో ఆ పేజీ మొదట ‘ఉదాహరణకి’ మాస్టారి కంటపడింది.

“ఇదెవరి పనండీ? కంపెనీ వాళ్లకి ఏం చెప్తాం?” అని, అచ్చుతప్పుల మాట నేను చెప్పగానే తేల్చేశారు. “ఉదాహరణకి, ఒక సవరణ చీటీ అంటిస్తే సరిపోతుంది కదా. బంగారంలాంటి పుస్తకం.”

“చీటీ అంటించాలంటే తప్పులెక్కడున్నాయో తెలియాలి కదా మాస్టారూ. మీరు వెనక పేజీలు చూశారా?”

ఆయన చేతిలోని పెన్నుకి మూత పెట్టేశారు. హెడ్మిస్ట్రెస్ గారు బల్ల మీద వేలితో లెక్క చేసుకుని, మళ్లీ ఆ ఎర్ర ఎనిమిది వైపు చూశారు.

“నేనూ చూడలేదు,” అన్నారు. “మీరు మాత్రం చూశారా?”

“నేనూ చూడలేదండి. మా అత్తగారు చూశారు.”

ఆవిడ కోప్పడతారనుకున్నాను. స్కేలు తీసి, మార్కుల కాగితం అడుగున కొత్తగా ఒక గడి గీశారు.

“మరి ఆ, ఇ సంగతేంటి?”

“ఇంట్లోనే ఉన్నాయండి. సాయంత్రం బడికి వెళ్లి పరీక్షకి పేరు ఇచ్చొచ్చాక మొదలుపెడతానన్నారు. నన్ను వచ్చేటప్పుడు రెండు తాళ్లు తెమ్మన్నారు, బట్టలకొకటి, లెక్కలకొకటి.”